రినైజాన్స్ నుంచి రొకోకో వరకు: ఒక యూరోపియన్ చిత్రం ఏ శైలిదో గుర్తుపట్టడం ఎలా?

ఒక ఫొటో పంపి, "ఇది రినైజాన్స్ చిత్రమా, బరోక్ చిత్రమా?" అని అడిగేవారు నాకు చాలామంది ఉన్నారు. వారిలో లలితకళల ప్రవేశపరీక్షకు చదువుకుంటున్న విద్యార్థులు ఉన్నారు. పిల్లల దగ్గరికి లండన్‌కో వాషింగ్టన్‌కో వెళ్ళి, మ్యూజియంలో రోజంతా తిరిగి, చివరికి అన్నీ ఒకేలా కనిపించాయని బాధపడిన పెద్దవారూ ఉన్నారు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి శైలి పేరు చెప్పి ఊరుకున్నాను, కానీ పేరు చెప్పడం వల్ల ఆ ఒక్క చిత్రం సంగతి తేలిందే తప్ప, తరువాతి చిత్రం ముందు నిలబడినప్పుడు వారికి అది ఏమాత్రం ఉపయోగపడలేదు. అందుకే చూసే పద్ధతినే వరుసగా రాస్తున్నాను.

ముందుగా నాలుగు పేర్లను, వాటి కాలాలను గుర్తుపెట్టుకోండి. రినైజాన్స్ చిత్రకళ ఇటలీలో సుమారు 1420 నుంచి 1520 వరకు సాగింది. అక్కడి నుంచి 1600 దాకా మేనరిజం, 1600 నుంచి 18వ శతాబ్దం తొలి సంవత్సరాల దాకా బరోక్, ఆ తరువాత సుమారు 1770ల దాకా రొకోకో. ఇవి గోడ కట్టినట్టు విడిపోయిన కాలాలు కావు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. ఈ పనికి ఇంతకు మించిన సిద్ధాంతం అవసరం లేదు.

కావలసినవి

చిత్రం ఫొటో పెద్ద సైజులో ఉండాలి. దానిని ఆ చిత్రం ఉన్న మ్యూజియం సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోండి, ఎందుకంటే చేతులు మారిన ఫొటోలలో రంగులు మారిపోతాయి, అంచులు కత్తిరించి ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం రెంబ్రాంట్ "నైట్ వాచ్" చిత్రాన్ని 2022లో 717 గిగాపిక్సెళ్ళ ఫొటోగా అందుబాటులో ఉంచింది, అందులో రంగు పగుళ్ళు కూడా కనిపిస్తాయి. ఫొటోను ఒక ఎ4 కాగితం మీద ప్రింటు తీసుకోండి. దానితోపాటు ఒక స్కేలు, ఒక పెన్సిలు, ఒక నోటు పుస్తకం, ఒక్కో చిత్రానికి కనీసం ఇరవై నిమిషాల తీరిక కావాలి. ప్రింటు వీలుకాకపోతే ఫోనులో చూడవచ్చు, కానీ స్క్రీను వెలుగును పూర్తిగా పెంచుకోండి. తగ్గించిన స్క్రీనులో ప్రతి చిత్రమూ బరోక్ చిత్రంలాగే కనిపిస్తుంది.

1. పేరునూ తేదీనీ కప్పివేయండి

చిత్రం కింద రాసి ఉన్న పేరు, సంవత్సరం చదివిన తరువాత కన్ను స్వతంత్రంగా చూడదు, చదివిన దానికి రుజువులు వెతుకుతుంది. మ్యూజియంలో ఉన్నవారు ముందు చిత్రం దగ్గరికి, ఆ తరువాతే దాని పక్కనున్న చీటీ దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో చూస్తున్నవారు ప్రింటు అడుగుభాగాన్ని మడిచి పెట్టుకోండి.

కథను బట్టి కాలాన్ని ఊహించవద్దు. యేసు కథలు, గ్రీకు రోమన్ దేవతల కథలు ఈ నాలుగు కాలాల్లోనూ చిత్రించారు కనుక, "మేరీమాత ఉంది కాబట్టి రినైజాన్స్" అనడానికి ఆధారం లేదు.

2. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి

అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు ఇదే. చిత్రంలోని మూడు ముఖాల మీద వెలుగు ఏ వైపు పడిందో, నీడ ఏ వైపు ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టండి.

వెలుతురు సమంగా పరుచుకుని, వెనుక వరుసలో నిలబడిన మనిషి కూడా ముందున్న మనిషి అంత స్పష్టంగా కనిపిస్తే అది రినైజాన్స్ వైపు మొగ్గుతుంది. వాటికన్‌లో రాఫేల్ 1509 నుంచి 1511 వరకు వేసిన "స్కూల్ ఆఫ్ ఏథెన్స్" చూడండి. అంతమంది తత్వవేత్తలలో చీకటిలో మిగిలిపోయినవాడు ఒక్కడూ ఉండడు.

వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా, రంగులు మాత్రం వాటంతట అవే వెలుగుతున్నట్టు ఉంటే మేనరిజాన్ని అనుమానించండి. ఫ్లారెన్స్‌లోని సాంతా ఫెలిచితా చర్చిలో పోంతోర్మో 1525, 1528 మధ్య వేసిన చిత్రంలో యేసు దేహాన్ని మోసుకుపోతున్నారు. అందులో గులాబీ, లేత నీలం రంగులు కళ్ళకు కొట్టొచ్చినట్టు ఉంటాయి. శిలువ లేదు, నేల సరిగా తెలియదు, అంత బరువును మోస్తున్న యువకుడు మునివేళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

ఒకే పక్క నుంచి పదునైన వెలుగు వచ్చి, మిగిలినదంతా చీకటిలో మునిగి ఉంటే అది బరోక్. దీనిని కంటితో నేర్చుకోవడానికి కారవాజ్జో 1599, 1600 సంవత్సరాల్లో రోమ్‌లోని సాన్ లుయిజీ దేయి ఫ్రాంచేజీ చర్చికి వేసిన "సెయింట్ మాథ్యూకు పిలుపు" చిత్రాన్ని మించినది లేదు. గదిలో గోడకు పెద్ద కిటికీ ఉంది, కానీ వెలుగు దాని నుంచి రావడం లేదు. కుడివైపు పైనుంచి, యేసు తల మీదుగా ఏటవాలుగా దిగి, బల్ల దగ్గర డబ్బు లెక్కపెట్టుకుంటున్నవారి ముఖాల మీద పడుతోంది. యేసులో మనకు స్పష్టంగా కనిపించేది కొంత ముఖం, చాచిన చేయి మాత్రమే. ఆ చిత్రం చర్చిలో ఎడమ గోడకు ఉంది, బలిపీఠం పైనున్న అసలు కిటికీ కూడా చూసేవారికి కుడివైపునే ఉంటుంది. చిత్రకారుడు చర్చి వెలుతురునే చిత్రంలోకి తీసుకువెళ్ళాడని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

చివరిది రొకోకో. వెలుతురు మళ్ళీ అంతటా పరుచుకుంటుంది కానీ రినైజాన్స్ నాటి తేటదనంతో కాదు, ముత్యపు మెరుపుతో, పలుచని మంచు తెర వెనుక నుంచి వచ్చినట్టు పరుచుకుంటుంది. నీడలు కూడా నలుపుగా ఉండవు, ఆకుపచ్చగానో నీలంగానో ఉంటాయి.

హెచ్చరిక: చీకటిగా ఉన్న ప్రతి చిత్రమూ బరోక్ కాదు. పాత వార్నిష్, దీపాల మసి ఎంత మంచి రంగునైనా మట్టిరంగుగా మారుస్తాయి. 1508, 1512 మధ్య మైకెలాంజిలో వేసిన సిస్టీన్ చాపెల్ పైకప్పును 1980లలో శుభ్రం చేసినప్పుడు, అంతవరకు మసకగా ఉన్న చోట మెరిసే నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు బయటపడ్డాయి. "నైట్ వాచ్"లో ఉన్నది కూడా రాత్రి కాదు, పగలే. వార్నిష్ నల్లబడిన తరువాత ఎవరో పెట్టిన పేరు స్థిరపడిపోయింది.

దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. చిత్రంలో అన్నిటికన్నా తెల్లగా ఉండవలసిన వస్తువును, అంటే కాలరునో, దుప్పటినో, కాగితాన్నో వెతకండి. అది తెల్లగానే ఉండి దాని పక్కన చీకటి ఉంటే ఆ చీకటి చిత్రకారుడు వేసినది. ఆ తెలుపే తేనెరంగుకు తిరిగి ఉంటే అది వార్నిష్ పని, ఆ చీకటిని లెక్కలోకి తీసుకోవద్దు.

3. అంచుల మీద వేలు నడపండి

ప్రింటు మీద ఒక మనిషి ఆకారం చుట్టూ నిదానంగా వేలు నడపండి. ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి రాగలిగితే గీత ప్రధానమైన చిత్రం. భుజం ఎక్కడ ముగిసిందో, చీకటి ఎక్కడ మొదలైందో తెలియక వేలు ఆగిపోతే రంగు ప్రధానమైన చిత్రం. మొదటిది రినైజాన్స్‌లోనూ మేనరిజంలోనూ ఎక్కువ, రెండవది బరోక్‌లోనూ రొకోకోలోనూ ఎక్కువ.

ఈ తేడాను రెండు అద్దాల దగ్గర చూడమని అందరికీ చెబుతాను. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన "ఆర్నోల్ఫిని దంపతులు" లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెనుక గోడకు అరచేతిలో ఇమిడేంత గుండ్రటి అద్దం ఉంది. అందులో దంపతుల వీపులు, గుమ్మంలోకి వస్తున్న మరో ఇద్దరు మనుషులు, అద్దం చట్రం చుట్టూ గింజలంత బిళ్ళల్లో యేసు కథలోని పది ఘట్టాలు ఉన్నాయి. ఎంత దగ్గరికి వెళితే అంత స్పష్టంగా కనిపిస్తుంది. వెలాస్కెస్ 1656లో వేసిన "లాస్ మెనీనాస్" మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. అందులోనూ వెనుక గోడకు అద్దం ఉంది, రాజు, రాణి అందులో కనిపిస్తారు. దగ్గరికి వెళితే ముఖాలు కరిగిపోయి కుంచె తడిమిన మరకలు మాత్రం మిగులుతాయి, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ ముఖాలవుతాయి. వాన్ ఐక్ చిత్రం ఆ కాలంలో స్పెయిన్ రాజుల సేకరణలోనే ఉండేది, కనుక ఆ అద్దాన్ని వెలాస్కెస్ ఎరుగును. చూసేవాడు దగ్గరికి రావాలా, దూరంగా నిలబడాలా అన్న విషయం రెండు వందల ఏళ్ళలో తలకిందులైంది.

మినహాయింపులు రెండున్నాయి. లియొనార్డో పొగలాగా కరిగిపోయే అంచులు వేశాడు, అయినా అతను రినైజాన్స్ చిత్రకారుడే. వెనిస్ నగరంలో టిషన్ వంటివారు 16వ శతాబ్దంలోనే రంగును గీత కన్నా ముందు పెట్టారు. అందువల్ల అంచుల పరీక్ష ఒక్కదానితోనే తీర్పు చెప్పవద్దు.

4. స్కేలు పెట్టి లోతును కొలవండి

చిత్రంలో గచ్చు బండలు, పైకప్పు దూలాలు, బల్ల అంచులు వంటి తిన్నని గీతలు ఏవైనా ఉంటే స్కేలు పెట్టి వాటిని పొడిగించండి. ఎక్కడ కలుస్తాయో చుక్క పెట్టండి.

అభ్యాసానికి ఒకే కథను వేసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకోవాలి, "లాస్ట్ సపర్", అంటే శిష్యులతో యేసు చివరి భోజనం, అందుకు బాగా సరిపోతుంది. మిలాన్‌లోని సాంతా మరియా దెల్లె గ్రాజియె మఠం భోజనశాల గోడ మీద లియొనార్డో 1495, 1498 మధ్య వేసిన దానిలో పైకప్పు గీతలను, పక్కగోడల తెరల పైఅంచులను పొడిగించండి. అన్నీ యేసు తల దగ్గరికే చేరతాయి, నిపుణులు ఆ చోట గోడలో మేకు దిగిన చిన్న రంధ్రాన్ని కూడా గుర్తించారు. బల్ల మనకు ఎదురుగా అడ్డంగా ఉంది, శిష్యులు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులుగా ఉన్నారు.

ఇప్పుడు వెనిస్‌లోని సాన్ జోర్జో మజోరె చర్చికి తింతొరెత్తో 1592, 1594 మధ్య వేసినది చూడండి. బల్ల ఏటవాలుగా లోపలికి దూసుకుపోతుంది. గీతలు కలిసే చోట యేసు లేడు. ఆయన బల్ల మధ్యలో, తల చుట్టూ వెలిగే కాంతి లేకపోతే గుర్తుపట్టలేనంత దూరంలో ఉన్నాడు. మనకు అందరికన్నా దగ్గరగా ఉన్నది వంటవాళ్ళు, గిన్నెలు, బుట్టలోకి తొంగి చూస్తున్న ఒక పిల్లి. పైన వేలాడుతున్న దీపపు పొగలోంచే దేవదూతలు ఏర్పడుతున్నారు. పుస్తకాలు దీనిని మేనరిజంలో చేర్చుతాయి, కానీ అది బరోక్ గుమ్మం ముందు నిలబడిన చిత్రమని నా అభిప్రాయం. మీరు రెండింటిలో ఏది రాసినా కారణం చెప్పగలిగితే తప్పు లేదు.

తిన్నని గీతలు లేని చిత్రమైతే ప్రత్యామ్నాయం ఉంది. ముఖ్యమైన నలుగురి తలలను పెన్సిలు గీతతో కలపండి. త్రిభుజమో అడ్డగీతో వస్తే రినైజాన్స్, ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలు గీత వస్తే బరోక్, మెలికలు తిరిగిన గీత వస్తే రొకోకో వైపు చూడండి.

5. శరీరాలు ఏ క్షణంలో ఉన్నాయో చూడండి

ఒక మనిషి భంగిమను మీరే పట్టి చూడండి. కొంచెం వింతగా అనిపించవచ్చు గాని, ఇంతకన్నా తొందరగా తెలిసే మార్గం లేదు. రినైజాన్స్ భంగిమలో చాలాసేపు నిలబడగలరు. మేనరిస్టు భంగిమను అసలు పట్టలేరు. బరోక్ భంగిమ ఒక్క క్షణమే ఉంటుంది, ఎందుకంటే అది ఒక పని మధ్యలో ఉంది. అర్తెమీజియా జెంతిలెస్కి సుమారు 1620లో వేసిన "హోలోఫెర్నెస్‌ను వధిస్తున్న జూడిత్"లో ఇద్దరు ఆడవాళ్ళు బలమంతా వేసి అతనిని అదిమి పట్టారు, కత్తి సగం దిగింది, రక్తం ఎగజిమ్ముతోంది.

మేనరిజానికి పర్మిజనీనో "పొడవు మెడ మడోన్నా" చూడండి. అది 1534లో మొదలై, 1540లో చిత్రకారుడు చనిపోయేనాటికి పూర్తికాలేదు. మేరీ మెడ, వేళ్ళు, ఒడిలో నిద్రిస్తున్న బాలయేసు శరీరం అన్నీ సాగదీసి ఉన్నాయి. కుడివైపు అడుగున, స్తంభం పక్కన ఒక మనిషి ఆమె మోకాలి ఎత్తు కూడా లేడు. చాలామంది దీనిని చిత్రకారుడికి చేతకాక వచ్చిన లోపం అనుకుంటారు. అది నిజం కాదు. సహజమైన కొలతలు ఎలా వేయాలో ముందు తరం పూర్తిగా సాధించిన తరువాత, ఆ కొలతలను తెలిసి మీరిన పని అది.

6. ఎవరు డబ్బిచ్చారు, ఎక్కడ వేలాడింది అని ఆలోచించండి

మ్యూజియం వెబ్‌సైటులో కొలతలు మాత్రం చూడండి, తేదీ చూడవద్దు. రూబెన్స్ 1610, 1611లో వేసిన, ఇప్పుడు ఆంట్‌వర్ప్ కెథీడ్రల్‌లో ఉన్న "శిలువను ఎత్తడం" మధ్య పలక ఎత్తు నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి సమాధానంగా జరిగిన ట్రెంట్ మహాసభ 1563లో ముగిసినప్పటి నుంచి, చదువురాని భక్తుడికి కూడా మనసు కదిలేలా చిత్రాలు ఉండాలని కాథలిక్ చర్చి కోరుకుంది. ఆ కోరిక బరోక్‌ను పెంచింది. హాలండ్‌లోని ప్రొటెస్టెంట్ చర్చి చిత్రాలు కొనలేదు కనుక, అదే కాలంలో అక్కడి చిత్రాలు వ్యాపారుల ఇళ్ళ గోడలకు తగినంత చిన్నవయ్యాయి.

ఫ్రాన్స్‌లో 1715లో 14వ లూయీ చనిపోయాక, వెర్సాయ్ రాజప్రాసాదంలో కట్టుబడి ఉన్న ప్రభువర్గం పారిస్ ఇళ్ళకు తిరిగి వచ్చింది. ఆ ఇళ్ళ గదులకు వీరగాథలు అక్కర లేదు. తోటలో విహారాలు, సంగీతం, ప్రేమ ఆటలు కావాలి. 1717లో వాతో "సిథేరా యాత్ర"ను ఫ్రెంచి అకాడమీకి సమర్పించినప్పుడు వారు దానిని "ఫెత్ గలాంత్", అంటే ప్రణయ విహారాల చిత్రమని నమోదు చేశారు. లండన్ వాలెస్ కలెక్షన్‌లోని ఫ్రగోనార్ "ఉయ్యాల" సుమారు 1767 నాటిది, కొలత 81 సెంటీమీటర్లకు 64. గులాబీ దుస్తుల అమ్మాయి ఉయ్యాల ఊగుతుండగా ఒక చెప్పు గాలిలోకి ఎగిరింది. పొదలో పడుకున్న యువకుడు కిందనుంచి చూస్తున్నాడు. వెనుక నీడలో తాళ్ళు పట్టి ఊపుతున్న పెద్దమనిషికి అతను ఉన్నట్టే తెలియదు. ఎడమవైపు మన్మథుడి విగ్రహం పెదవి మీద వేలు పెట్టుకుని ఉంది. ఈ చిత్రం దగ్గర అంచు, వెలుగు, మెలిక గీత, కొలత అన్నీ ఒకే మాట చెబుతాయి, కనుక రొకోకోను దీనితోనే మొదలుపెట్టండి.

అయితే కొలత కూడా శాసనం కాదు. త్యేపొలో 1752, 1753లో జర్మనీలోని వూర్జ్‌బర్గ్ రాజభవనం మెట్ల మీది పైకప్పును వేశాడు, అది బ్రహ్మాండమైనదే గాని రొకోకో. మనుషులందరూ అంచులకు జరిగి, మధ్యలో ఖాళీ ఆకాశం మిగిలింది.

7. తీర్పు రాసి, ఆ తరువాత చీటీ చదవండి

వెలుతురు, అంచులు, లోతు, భంగిమ, కొలత అనే అయిదు పరీక్షలకూ నోటు పుస్తకంలో ఒక్కొక్క పేరు రాయండి. నాలుగు ఒకే పేరు చెబితే ధైర్యంగా తేల్చండి. మూడు, రెండుగా చీలితే రెండు పేర్లూ రాసి, ఏ పరీక్ష దగ్గర చీలిందో రాయండి. సమయం లేనివారు వెలుతురు, అంచులు రెండే చూడవచ్చు, తప్పులు కొన్ని పెరుగుతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

తేదీ చూసి శైలి చెప్పడం వీటిలో అన్నిటికన్నా పెద్దది. షార్డాన్ 1699 నుంచి 1779 వరకు పారిస్‌లో జీవించాడు, అంటే రొకోకో మధ్యలో. కానీ అతను వేసిన రాగిపాత్రలలో, వంటింటి పనిమనుషులలో ఆ శైలి తళుకు ఏమీ లేదు. పుస్సాన్ 1630ల చివర వేసిన "ఎత్ ఇన్ ఆర్కేడియా ఎగో"లో గొర్రెల కాపరులు సమాధి చుట్టూ ప్రశాంతంగా ఉంటారు, పక్కన పెడితే రాఫేల్ కాలం చిత్రంలాగా ఉంటుంది. నేను మొదటిసారి దానిని రినైజాన్స్ అనే రాసుకున్నాను. బరోక్ శతాబ్దంలోనే, పాత రోమన్ క్రమశిక్షణను కావాలని ఎంచుకున్న ఒక పాయ ఉందని ఆ తప్పు వల్లనే తెలుసుకున్నాను.

మరొకటి, అందంగా, నిజంలాగా ఉన్నదంతా రినైజాన్స్ అనుకోవడం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన "వెయిల్డ్ రెబెకా" ముందు ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. పలుచని మేలిముసుగును పాలరాతిలో చూపిన ఆ శిల్పం 19వ శతాబ్దం నాటిది. రొకోకో ముగిసి అప్పటికే దశాబ్దాలు గడిచాయి. 19వ శతాబ్దం వారు పాత శైలులను అనుకరించారు, నకళ్ళు కూడా విపరీతంగా తయారు చేశారు. మీ అయిదు పరీక్షలలో ఏదీ కుదరకపోతే ఆ శతాబ్దాన్ని అనుమానించండి. లేదా డావిడ్ 1784లో వేసిన "హొరేషియుల ప్రమాణం" వంటి నియోక్లాసికల్ చిత్రం, అంటే పాత గ్రీకు రోమన్ పద్ధతికి మళ్ళీ తిరిగిన చిత్రం కావచ్చు. అందులో గీత మళ్ళీ కత్తిలా తిరిగి వస్తుంది, గులాబీ రంగు పోతుంది.

సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో మరొకరిని పది చిత్రాలు పేర్లు లేకుండా ప్రింటు తీసి ఇవ్వమనండి. ఏడు సరిగా చెప్పగలిగితే పద్ధతి పట్టుబడినట్టే. అంతకన్నా తగ్గితే, తప్పిన చిత్రాలన్నీ ఒకే పరీక్ష దగ్గర తప్పాయేమో చూడండి. దాదాపు ప్రతిసారీ అది వెలుతురే అయి ఉంటుంది, అప్పుడు రెండవ మెట్టుకు వెళ్ళి తెల్లని వస్తువు పరీక్షతో మళ్ళీ మొదలుపెట్టండి.

లండన్‌లో ఉన్నవారు ఒకే రోజున నేషనల్ గ్యాలరీలో వాన్ ఐక్ దంపతులను, టిషన్‌ను, కారవాజ్జోను చూసి, సాయంత్రం వాలెస్ కలెక్షన్‌లో "ఉయ్యాల" దగ్గర ముగించవచ్చు. రెండింటి శాశ్వత సేకరణలకూ ప్రవేశం ఉచితం. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కూ టిక్కెట్టు లేదు. అక్కడ లియొనార్డో "జినేవ్రా దె బెంచి", ఫ్రగోనార్ "చదువుకుంటున్న అమ్మాయి" ఒకే భవనంలో ఉన్నాయి. ముందు జినేవ్రా ముఖం చుట్టూ కళ్ళతో నడిచి, అక్కడి నుంచి నేరుగా రెండవ చిత్రంలోని అమ్మాయి పసుపు గౌను ముడతల దగ్గరికి వెళ్ళండి. మొదటి చిత్రంలో కుంచె జాడ ఎక్కడైనా కనిపించిందా, రెండవదానిలో ఎన్నిచోట్ల కనిపించిందో లెక్కపెట్టి, ఆ లెక్కను నోటు పుస్తకంలో రాసుకోండి.